కంప్యూటర్‌లో ఇరుక్కున్న ముఖం

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాగాథ. ఇందులో ప్రయాణాలున్నాయి. రాతిలోంచి బయటికి రావలసిన ఒక స్త్రీ ఉంది. ఆమెను విడిపించుకోవడానికి బయలుదేరిన భర్త ఉన్నాడు. ఆయన పక్కన ఆయుధం పట్టుకుని నిలబడ్డ వీరుడొకడున్నాడు. చదివేవాళ్ళు తుండుగుడ్డ దగ్గర పెట్టుకుంటే మంచిది.

కొంచెం ఎక్కువైంది. ప్రయాణమంటే నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పల్లెవెలుగు బస్సు. ఆయుధమంటే స్క్రూడ్రైవర్. వీరుణ్ణి నేనే. ఒక కంప్యూటర్ అప్‌డేట్ అయిన తర్వాత మళ్ళీ లేవలేదు, దాన్ని లేపడానికి పోయాను. ఇంతకన్నా పెద్ద కథ నా ఉద్యోగ జీవితంలో లేదు, అందుకని దీన్నే చెప్పాలి.

ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళు రాయాలంటారు. నేనూ రిటైరైనవాణ్ణే. ఇరవై ఏడో ఏట కంప్యూటర్ రిపేరు వృత్తికి నమస్కారం పెట్టి మా మేనమామ ఎరువుల అంగడిలో కూర్చున్నాను. యూరియా బస్తా హ్యాంగ్ కాదు. తెల్లారేసరికి తనంతట తాను అప్‌డేట్ అయిపోయి కొత్త మొహంతో కనబడదు. అయినా ఆ వృత్తిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉంటారు కదా, వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. పనికిరాకపోతే తిట్టుకోండి. ఎరువుల అంగట్లో కూర్చునేవాడికి తిట్లు కొత్త కాదు.

నంద్యాలలో నేను పనిచేసిన అంగడి యజమానిని అందరం భాయ్ అనేవాళ్ళం. మంచి మనిషి. వైద్యంలో మాత్రం ఆయనకు రెండే మందులు తెలుసు. ఒకటి, ఆఫ్ చేసి ఆన్ చెయ్యడం. అది పట్టకపోతే ఫార్మాట్ కొట్టడం. లోపల ఉన్నదంతా తుడిచేసి కంప్యూటర్‌ను పుట్టిన పసిబిడ్డలా చేసి ఇవ్వడాన్ని ఫార్మాట్ అంటారు. పసిబిడ్డకు పాత సంగతులేవీ గుర్తుండవు. గిరాకీదారు ఏడిస్తే భాయ్ టీ తెప్పించేవాడు.

ఒకరోజు పొద్దున ఆళ్ళగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. శిల్పాలు చెక్కే ఆచారి కూతురు. డ్రాయింగ్‌లో డిప్లొమా చేసింది. వాళ్ళ షెడ్డులో బొమ్మల నమూనాలన్నీ ఆ అక్క కంప్యూటర్‌లో గీస్తే, రాయి సైజుకు ప్రింటు తీయించి, దాన్ని చూసి ఆచారి చెక్కుతాడు. అది వాళ్ళింటి కొత్త పద్ధతి. ఆచారికి ఆ పద్ధతి మీద ఉన్న గౌరవం నేను షెడ్డులో అడుగుపెట్టగానే తెలిసింది.

"వచ్చినావా నాయనా," అన్నాడు ఉలి ఆపకుండా. "ఇది మా తాత ఉలి. ఇంతవరకూ అప్‌డేటు అడగలేదు."

"నాయనా, నువ్వు గమ్మునుండు," అంది అక్క.

రోడ్డుపక్క షెడ్డది. సగం చెక్కిన దేవుళ్ళూ సగం చెక్కిన నాయకులూ ఒకే వరుసలో నిలబడి ఉన్నారు. ఒక వినాయకుడికి ఇంకా తొండం రాలేదు. ఒక నాయకుడికి చెయ్యి ఎటువైపు చూపించాలో పార్టీవాళ్ళు తేల్చలేదట, మోచేతి దాకా వచ్చి ఆగాడు. ఆ చివర ఒక ఆడమనిషి విగ్రహం. చీర కుచ్చిళ్ళు, భుజం మీద కొంగు, చేతి గాజులు అన్నీ పూర్తయ్యాయి. మెడ పైన మాత్రం ముఖం ఉండాల్సిన చోట గుండ్రాయి. దాని పక్కన స్టూలు వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఉయ్యాలవాడ దగ్గరి రైతు. విగ్రహం ఆయన భార్యది.

ఆమె పోయి ఏడాది కావొస్తోంది. సంవత్సరీకం రోజుకు చేలో బోరు పక్కన ఆమె విగ్రహం నిలబెట్టాలని ఆయన కోరిక. చిక్కల్లా ఏమిటంటే, ఆమెకు ఫోటోలంటే పడదు. పెళ్ళిళ్ళలో కెమెరా కనబడితే ఎవరో ఒకరి వెనక్కి పోయేదట. దొరికిన ఒక్క గుంపు ఫోటోలో ఒక కన్ను, అర చెంప మాత్రం వదినగారి భుజం మీదుగా కనబడుతున్నాయి. ఆధార్ కార్డు ఉంది. కానీ ఆధార్ ఫోటో చూసి విగ్రహం చెక్కితే ఎలా ఉంటుందో మీ కార్డు తీసి మీరే చూసుకోండి.

కాబట్టి అక్క కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కన పెద్దాయన. కన్ను ఇంకొంచెం చిన్నదమ్మా. ముక్కు ఇంత సూదిగా ఉండదమ్మా. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోతూ, గుర్తున్నదంతా చెప్పి చెప్పి ఆమె ముఖాన్ని గీయించుకున్నాడు. పెదవి మూల దగ్గర చాలా రోజులు పట్టిందట. చివరికి ఒక సాయంత్రం "ఇదేనమ్మా" అన్నాడు. పొద్దున ప్రింటుకు పంపుదామనుకున్నారు. తెల్లారి పెద్దాయన వచ్చి కూర్చున్నాక, ఇంకా పంపకముందే కంప్యూటర్ అప్‌డేట్ పెట్టుకుని తనే ఆగి మళ్ళీ మొదలవబోయింది. తెర మీద కంపెనీ గుర్తు దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"పాడైతే పాడైంది, మళ్ళీ గీస్తారులే పెద్దాయనా," అన్నాను. ధైర్యం చెప్పడం నాకు చేతకాదు, అప్పుడప్పుడు ప్రయత్నిస్తుంటాను.

ఆయన నావైపు చూడలేదు. గుండ్రాయి వైపే చూస్తూ అన్నాడు.

"తెలిసిందంతా చెప్పేసినానప్పా. ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఈ కంప్యూటర్ బొమ్మే వస్తాంది గానీ, ఆమె రావడంల్యా. ఇదీ పోతే నాకాడ ఇంగేముంది?"

స్క్రూడ్రైవర్ల సంచి విప్పాను. పని మొదలుపెట్టాను.

ఆన్ చేస్తే కంపెనీ గుర్తు వస్తోంది. అంతే. కింద చుక్కలు తిరగడం లేదు. కీబోర్డు ఎంత కొట్టినా పలకడం లేదు. తీగలన్నీ పీకి, సీపీయూను బయటికి మోసుకెళ్ళి, మూత విప్పాను. లోపల రాతిపొడి. యాగంటి యాత్రికులందరికీ సరిపడా విభూతి. బ్లోయర్ పెట్టి ఊదితే షెడ్డులో దేవుళ్ళందరూ ఒక్కసారి తెల్లబడ్డారు. ర్యామ్ ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. మా వృత్తిలో ఏమీ తోచనప్పుడు ర్యామ్ రుద్దుతాం, చూసేవాళ్ళకు నమ్మకం కలుగుతుంది. లోపలికి తెచ్చి పెడితే, పెద్దాయన కూడా వంగి తీగలు అందించాడు, గుచ్చాడు. ఊరికే కూర్చోలేని మనిషి. ఆన్ చేశాం. కంపెనీ గుర్తు. అక్కడే.

భాయ్‌కి ఫోన్ చేశాను.

"అరే, అప్‌డేట్ కొట్టినాక లెయ్యలేదంటే ఇంగేముంది రా. ఫార్మాట్ కొట్టేసి జల్దీ వచ్చెయ్. ఈడ గిరాకీ ఉండాది."

స్పీకర్‌లో పెట్టి మాట్లాడడం నా తెలివి. అక్క మొహం పాలిపోయింది. పెద్దాయన స్టూలు మీంచి లేచి వచ్చి సీపీయూ మీద చెయ్యి వేశాడు. పసిదూడ మీద వేసినట్టు.

"ఏందప్పా ఆ కొట్టేది?"

"ఏమీ కొట్టను పెద్దాయనా. అంగడికి తీసుకుపోయి లోపలి డిస్కు విప్పి, బొమ్మ ఉందో లేదో చూస్తా. రేపు తెచ్చిస్తా."

"ఆమెను తీస్కొని పోతావా?"

"సీపీయూను తీసుకుపోతా."

"నేనూ వస్తా."

వద్దనడానికి నోరు తెరిచాను. అక్క వెనకనుంచి తల అడ్డంగా ఊపింది. మూసుకున్నాను.

ఆళ్ళగడ్డ బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాం. పెద్దాయన సీపీయూను పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, ఖాళీగా కనబడిన సీట్లో కూర్చున్నాడు. శిరివెళ్ళ దగ్గర ఒకామె ఎక్కి ఆయన ముందు నిలబడింది.

"లెయ్యప్పా, అది ఆడోళ్ళ సీటు."

"ఈడ ఉండేది ఆడమనిషేమ్మా," అన్నాడు ఒళ్ళో మూటను చూపిస్తూ.

బస్సంతా నవ్వింది. కండక్టర్ వచ్చాడు. మంచి హుషారు మనిషి.

"ఆడమనిషా? అయితే మంచిదే, ఆడోళ్ళకు ఇప్పుడు టికెట్ దుడ్లు లేవు. ఆధార్ చూపియ్యమను."

మళ్ళీ నవ్వులు. పెద్దాయన నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. బనీను జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఆమె ఆధార్ కార్డు తీసి కండక్టర్‌కు ఇచ్చాడు. అడిగారు, చూపించాలి కదా అన్నంత మామూలుగా. కండక్టర్ కార్డు చూశాడు. చీర చుట్టిన మూటను చూశాడు. నన్ను చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను, అక్కడ శనగ చేలున్నాయి. ఆయన కార్డును రెండు చేతులా తిరిగి ఇచ్చి, "సరేలే పెద్దాయనా, కూర్చో," అని ముందుకు పోయాడు. నిలబడ్డ ఆమె కూడా ఇంకేమీ అనకుండా కడ్డీ పట్టుకుంది.

గుండె కరిగింది అనుకుంటున్నారు కదా. రెండు సీట్లు దాటిన కండక్టర్ వెనక్కి వచ్చి, సీపీయూకు లగేజీ టికెట్ నా చేతే కొట్టించాడు.

నంద్యాలలో అంగడికి చేరాం. భాయ్ పెద్దాయనను చూసి కుర్చీ వేశాడు, తర్వాత నన్ను పక్కకు పిలిచి "అరే, ఈయన్ను యాలకు తెచ్చినావు? సీపీయూ చాలదా?" అని గుసగుసలాడాడు. డిస్కు విప్పడానికి ముందు ఒకసారి ఉత్తగా ఆన్ చేసి చూద్దామని మా టేబుల్ మీది మానిటర్, కీబోర్డు, మౌస్ తగిలించాను.

కంపెనీ గుర్తు వచ్చింది. చుక్కలు తిరిగాయి. కంప్యూటర్ లేచింది.

నేనేమీ చేయలేదు. ఈ వృత్తిలో ఇంతకన్నా అవమానం లేదు తమ్ముళ్ళూ. పాడైన వస్తువు బాగుచేయలేకపోతే పరువు పోతుంది, ఏమీ చేయకుండానే బాగైపోతే పరువుతోపాటు తెలివి మీద నమ్మకం కూడా పోతుంది. భాయ్ మాత్రం నా భుజం తట్టి "చూసినావా, మా వాని చెయ్యి తగిలితే చాలు," అన్నాడు పెద్దాయనతో. ఖండించలేదు నేను.

అక్కకు ఫోన్ చేసి, ఫైలు ఎక్కడుందో అడిగి తెరిచాను. మానిటర్ నిండా ఒక ముఖం.

పెద్దాయన కుర్చీలోంచి ముందుకు వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఈమె కాదు."

"అదే ఫైలు పెద్దాయనా. అక్క చెప్పిందే."

"కాదప్పా. ఎవురో ఇంకొకామె. మా ఆమె కాదు. బుగ్గలు చూడు. ఇంత బుగ్గలు లేవు ఆమెకు. మార్చేసినారు. ఆ అప్‌డేటు మార్చేసింది."

భాయ్ నావైపు చూశాడు. నేను తెర వైపు చూశాను. ఆమెను బతికుండగా నేను చూడలేదు, ఏం చెప్పగలను? తెర మీద ఆమె పక్కనే, సున్నాలా గుండ్రంగా ఉండాల్సిన బటన్‌ను చూశాను. అది గుండ్రంగా లేదు. కోడిగుడ్డులా అడ్డంగా సాగి ఉంది.

మా అంగడి మానిటర్ వెడల్పుది. షెడ్డులోది పాతకాలపు చదరం మానిటర్. కంప్యూటర్ ఆ పాత కొలతనే పట్టుకుని ఉంటే, మా మానిటర్ ప్రతిదాన్నీ పక్కలకు లాగి చూపిస్తోంది. సెట్టింగుల్లోకి పోయి కొలత మార్చాను. తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్ళీ వెలిగింది. ముఖం సన్నబడి తన చోటికి తాను వచ్చింది.

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఆ. ఇప్పుడొచ్చె."

కాస్త ఆగి అడిగాను. "గుర్తు రావడంల్యా అన్నావే పెద్దాయనా? అంత కొంచెం తేడా ఎట్ల పట్టినావు?"

"ఎట్లుంటాదో చెప్పమంటే చెప్పలేనప్పా," అన్నాడు తెర మీంచి కళ్ళు తీయకుండా. "ఆమె కాకపోతే మాత్రం, కాదని చెప్తా."

భాయ్ లేచి పోయి ఫ్యాను పెద్దాయన వైపు తిప్పాడు. టీ చెప్పాడు. గిరాకీదారు ఏడవకుండానే టీ రావడం ఆ అంగట్లో అదే మొదటిసారి.

అప్పుడే బొమ్మను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటానన్నాను. మా అంగడి కంప్యూటర్‌లో కూడా ఒకటి ఉంచుతానన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు.

"వద్దప్పా. ఆడమనిషి బొమ్మ. ఈడికి రోజూ ఎంతమంది మొగోళ్ళు వచ్చి పోతాంటారు. కెమెరా ముందరికే రానిదాన్ని యాడంటే ఆడ పెడ్తే నన్ను తిడ్తాది."

"తిట్టడానికి ఆమె..." అని భాయ్ మొదలుపెట్టి, నా మోచెయ్యి తగిలి ఆపేశాడు. కంప్యూటర్ ఎలాగూ లేచింది కదా, అక్కడికే పోయి ప్రింటు తీయిద్దాంలే అనుకున్నాం. మళ్ళీ చీర చుట్టి, మళ్ళీ పల్లెవెలుగు ఎక్కి, మళ్ళీ ఆళ్ళగడ్డ.

షెడ్డులో అక్క ఎదురుచూస్తోంది. ఆచారి కూడా ఉలి పక్కన పెట్టి వచ్చాడు. ఏమీ పట్టనట్టు నిలబడ్డాడు గానీ చేతులు కడుక్కుని వచ్చాడు, నేను చూశాను. సీపీయూను దాని బల్ల మీద పెట్టి తీగలు తగిలించాం. ఆన్ చేశాను.

కంపెనీ గుర్తు. అక్కడే.

ఆఫ్. ఆన్. కంపెనీ గుర్తు.

పక్క షెడ్డులో రాయి కోసే మిషన్ చప్పుడు ఒక్కటే. అక్క కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పెద్దాయన స్టూలు మీద కూర్చుని గుండ్రాయికి వీపు పెట్టాడు, అటు చూడలేక.

"నంద్యాలలో లేచి ఈడ లెయ్యదా?" అన్నాడు ఆచారి. వెక్కిరింపు లేదు గొంతులో. నిజంగా అడుగుతున్నాడు. "ఈడ మేమేం చేసినామప్పా దానికి?"

మంచి ప్రశ్న. నాకు తట్టాల్సిన ప్రశ్న. నంద్యాలలో లేనిది ఇక్కడ ఏముంది? తీగలన్నీ పీకేశాను. ఒక్కొక్కటే తగిలిద్దామనుకున్నాను. కరెంటు తీగ. మానిటర్. కీబోర్డు. మౌస్. ఆన్ చేయబోతుంటే పెద్దాయన లేచి వచ్చి, అలవాటుగా బల్ల వెనక్కి వంగి, సీపీయూ వెనకాల ఇంకో తీగ గుచ్చాడు.

"ఏంది పెద్దాయనా అది?"

"ఫోను. చార్జింగు."

తీగ చివర ఒక చిన్న బటన్ల ఫోను. మూలలు అరిగి, వెనక మూతకు రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"నీదేనా?"

"కాదు. ఆమెది."

"దానికి చార్జింగ్ ఎందుకు?"

అడిగేశాను. ఇలాంటి మాటలు నా నోట్లోంచి నన్ను అడగకుండానే వస్తాయి. పెద్దాయన మాత్రం ఏమీ అనుకోలేదు.

"మోగుతాదప్పా అప్పుడప్పుడు. ఎవురు చేస్తార్లే, కంపెనీ ఆడపిల్ల చేస్తాది. ప్లాను అయిపోతాందమ్మా, రీచార్జి చేసుకోమ్మా అంటాది. సరేమ్మా అంటా. ఆఫ్ అయిపోతే అదీ మోగదు గదా."

షెడ్డులో ప్లగ్గులన్నీ మిషన్లకే. రోజంతా ఇక్కడే కూర్చుంటాడు కాబట్టి, కంప్యూటర్ వెనక పెట్టుకోమని అక్కే చూపించిందట. కంప్యూటర్‌ను వాళ్ళెప్పుడూ పూర్తిగా ఆపరు, నిద్రపుచ్చి లేపుకుంటారు. అప్‌డేట్ దాన్ని మొదటిసారి పూర్తిగా ఆపింది. అప్పుడు వెనకాల ఫోను గుచ్చి ఉంది.

తీగ పీకాను. ఆన్ చేశాను. కంపెనీ గుర్తు. చుక్కలు తిరిగాయి. లేచింది.

అక్కకు అర్థమైంది, నన్ను చూసి చెప్పొద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలింది. కానీ పెద్దాయన అమాయకుడు కాదు, రైతు. మోటారు ఏ తీగ తీస్తే ఆగుతుందో తెలిసిన మనిషి.

"అంటే, ఈ ఫోను పెడ్తే ఆమె లెయ్యదు. తీస్తే లేస్తాది. అంతేనా?"

"అంతే పెద్దాయనా."

ఆయన ఫోను చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఏం కూలిపోతుందోనని అందరం చూస్తున్నాం. ఆయన మీసాల కింద ఏదో కదిలింది.

"బతికినప్పుడూ ఇంతే. ఫోన్లో వాళ్ళక్కతో మాట్లాడతాంటే, నేను నెత్తిన నీళ్ళు పోసుకొని అరిచినా పలికేది కాదు."

ముందు ఆచారి నవ్వాడు. తర్వాత అక్క, ఏడుస్తూనే. పెద్దాయన తెర ముందు కూర్చుని "సరేమ్మా, పంపు ప్రింటుకు," అన్నాడు.

తర్వాత చెప్పాల్సింది పెద్దగా లేదు. ప్రింటు వచ్చింది. ఆచారి గుండ్రాయి ముందు కూర్చున్నాడు, విగ్రహం కళ్ళు ఆఖర్న తెరిపించాడు. సంవత్సరీకానికి నన్నూ పిలిచారు. ఉయ్యాలవాడలో ఆటో మాట్లాడుకుని చేలోకి పోయాను. బోరు పక్కన గట్టు మీద ఆమె నిలబడి ఉంది. పెద్దాయన చుట్టూ తిరిగి చూసి, పెదవి మూల వేలితో తడిమి, నన్ను అడిగాడు.

"ఎట్లుందప్పా?"

"నేను చూడలేదు కదా పెద్దాయనా ఆమెను."

"ఇప్పుడు చూసినావు గదా," అన్నాడు.

ఆమె ఫోనే ఆమె ముఖానికి అడ్డం నిలబడిందని తెలిసినప్పుడు మా భాయ్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఇందులో ఏదో దైవఘటన ఉందన్నాడు. మీకూ అలా అనిపించవచ్చు. ఏమీ లేదు. ఆ ఫోనులో మెమరీ కార్డుంది. కంప్యూటర్ సెటప్‌లో, లేచేటప్పుడు ముందు ఎక్కడ వెతకాలో చెప్పే బూట్ వరసలో యూఎస్‌బీ మొదటిదిగా, హార్డ్ డిస్క్ రెండోదిగా ఉన్నాయి. ఫోను గుచ్చి ఉంటే అది ముందు ఆ కార్డులోనే వెతికి, లేపేదేదీ దొరక్క అక్కడే ఆగిపోయింది. హార్డ్ డిస్క్‌ను మొదటికి తెచ్చి, ఎఫ్ టెన్ కొట్టి సేవ్ చేయాలి.